ఫోన్ రిపేర్‌కి ఇచ్చే ముందు ఏం చేయాలి? లాక్ చెప్పకుండానే పని చేయించుకోవడం ఎలా?

కడపలో ఏడు రోడ్ల కాడైనా వై.వి. స్ట్రీట్‌లోనైనా రిపేర్ షాపుకి పోయి పగిలిన ఫోన్ కౌంటర్ మీద పెడితే, రేటు మాట అయిపోగానే వచ్చే ప్రశ్న "లాక్ ఏందన్నా?". మనం చెప్పేస్తాం. ఆయన తెల్ల టేపు ముక్క చించి మన పేరు, నంబరు రాసి, కింద తొమ్మిది చుక్కలు పెట్టి మన ప్యాటర్న్ గీత గీసి ఫోన్ వెనకాల అంటిస్తాడు, ఇంక సాయంత్రం దాకా ఆ ఫోన్ డబ్బాలో పది ఫోన్ల మధ్య అట్లే పడుంటాది, ఛార్జర్ కొనడానికి వచ్చినోడు కూడా మన లాక్ చదువుకోవచ్చు. షాపాయన మంచోడే కావచ్చు, చాలామంది మంచోళ్ళే, కానీ ఆ టేపు చూసేది ఆయనొక్కడే కాదు గదా.

లాక్ తెలిస్తే ఏమైతాది, ఫోటోలు చూస్తారు అంతే గదా అనుకుంటారు. అంతే కాదు. గూగుల్‌లో సేవ్ చేసి పెట్టుకున్న పాస్‌వర్డ్‌లు కూడా ఫోన్ లాక్‌తోనే తెరుచుకుంటాయి. యూపీఐ పిన్ వేరే గదా అంటారా, నిజమే, కానీ గ్యాలరీలో ఏటీఎం కార్డు ఫోటో ఉంటుంది, ఆధార్ ఫోటో ఉంటుంది, ఓటీపీ వచ్చే సిమ్ కూడా అందులోనే ఉంటుంది, ఇవన్నీ ఒకే చేతిలో పడితే కొత్త పిన్ పెట్టడం కష్టమేం కాదు. చాలామంది ఫోన్ లాక్‌కీ యూపీఐకీ ఒకే నాలుగు అంకెలు పెట్టుకుంటారు, వాళ్ళ సంగతి ఇంక చెప్పే పనే లేదు.

స్టెప్ 1: సిమ్ తీసేయండి

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే, మిగతావి ఏం చేయకపోయినా ఇది మాత్రం చేయండి. సిమ్ తీసి ఇంట్లో ఆ సిమ్ పనిచేసే ఇంకో ఫోన్ ఉంటే దాంట్లో వేసుకోండి. కాల్స్ ఆగవు, ఓటీపీలు మన దగ్గరికే వస్తాయి, ఇంకో లాభం ఏందంటే ఫోన్ షాపులో ఉన్నప్పుడు మనం అడగని ఓటీపీ ఏదైనా టింగ్ మని వచ్చిందనుకో, అక్కడ ఎవడో ఏదో కెలుకుతున్నాడని అప్పుడే తెలిసిపోతుంది. మెమరీ కార్డు ఉంటే అదీ తీసేయండి, మామూలుగా దానికి లాకే ఉండదు, ఏ కార్డ్ రీడర్‌లో పెట్టినా తెరుచుకుంటుంది.

ఈ-సిమ్ అయితే తీయడానికి రాదు కాబట్టి సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ ఆన్ చేసి పిన్ పెట్టుకోండి. ముందే ఉండే పిన్ ఏందో మీ సిమ్ కంపెనీని అడిగి తెలుసుకోండి, మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అనే ఇంకో కోడ్ అడుగుతుంది, ఊరికే గెస్ చేయొద్దు.

స్టెప్ 2: బ్యాకప్

ఫోటోలు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్. ఈ బ్యాకప్ కూడా ఇప్పుడు గూగుల్ ఇచ్చే 15 జీబీ లెక్కలోకే వస్తుంది, అది నిండిపోయుంటే బ్యాకప్ ఆగిపోయుంటుంది, కాబట్టి చివరిసారి ఎప్పుడైందో డేట్ చూడండి. టచ్ పనిచేయట్లేదు కానీ బొమ్మ కనపడుతోంది అంటే ఓటీజీ పిన్ (ఫోన్ ఛార్జింగ్ పెట్టే చోట పెట్టే చిన్న అడాప్టర్) కొని దానికి కంప్యూటర్ మౌస్ పెట్టండి, చాలా ఫోన్లలో బాణం గుర్తు వస్తుంది, దాంతోనే లాక్ తీసి పని కానిచ్చేయొచ్చు.

స్టెప్ 3: లాక్ ఎందుకని అడగండి

మొహమాటం లేకుండా అడగండి, "అన్నా, దీనికి లాక్ ఎందుకన్నా?" అని. డిస్‌ప్లే, బ్యాటరీ, ఛార్జింగ్ పిన్ ఈ మూడిటికీ మామూలుగా లాక్ అవసరం లేదు. లాక్ స్క్రీన్ మీదే బొమ్మ కనపడుతుంది, పిన్ కొట్టే నంబర్లు నొక్కి టచ్ కొంత చూడొచ్చు, ఛార్జింగ్ ఎక్కుతుందో లేదో తెలుస్తుంది, టార్చ్, కెమెరా కూడా చాలా ఫోన్లలో లాక్ తీయకుండానే ఓపెన్ అవుతాయి. మైకు, స్పీకరు చూడాలంటే మనమే అక్కడ నిలబడి లాక్ తీసి ఇద్దాం, ఆయన చూసుకున్నాక మళ్ళీ లాక్ చేసుకుందాం.

లేదు సార్ లాక్ కావాల్సిందే అంటే దానికీ దారి ఉంది. చాలా శాంసంగ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో డివైస్ కేర్ లోపల మెయింటెనెన్స్ మోడ్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే ఫోన్ రీస్టార్ట్ అయి కొత్త ఫోన్ లాగా కనపడుతుంది, మన ఫోటోలు, మెసేజ్‌లు, అకౌంట్లు ఏవీ కనపడవు, మళ్ళీ మామూలుగా రావాలంటే మన లాకే కావాలి. పిక్సెల్‌లో దీన్నే రిపేర్ మోడ్ అంటారు, సిస్టమ్ లోపల ఉంటుంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్ సెర్చ్‌లో గెస్ట్ అని కొట్టి చూడండి, గెస్ట్ యూజర్ దొరికితే అదే ఆన్ చేసి ఇవ్వండి.

ఇవేవీ లేకపోతే, లేదా సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని అయితే, బ్యాకప్ తీసుకున్నాక ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి ఇవ్వడమే మంచిది. రీసెట్ ముందు గూగుల్ అకౌంట్ తీసేయండి, లేకుంటే ఆన్ చేసేటప్పుడు మళ్ళీ అదే అకౌంట్ పాస్‌వర్డ్ అడిగి ఆగిపోవచ్చు. యాప్ లాక్ పెట్టుకున్నాం గదా అని ధైర్యంగా ఉండేవాళ్ళకి ఒక మాట, వాట్సాప్‌కి పెట్టే వేలిముద్ర లాక్ చాలా ఫోన్లలో ఫోన్ పిన్ కొట్టినా తెరుచుకుంటుంది.

*#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది, అది షాపు రసీదు మీద రాయించుకోండి. రసీదు లేదంటే వాళ్ళ బోర్డు ముందు నిలబడి ఒక ఫోటో తీసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

స్టెప్ 4: ఫోన్ తిరిగి చేతికొచ్చాక

సిమ్ వేసే ముందే ఒక పది నిమిషాలు కూర్చోండి. ఐఎంఈఐ అదే ఉందా చూడండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరవండి, మనకి తెలియని కంప్యూటర్ ఏదైనా ఉంటే లాగౌట్ కొట్టండి, టెలిగ్రామ్‌లో అయితే డివైసెస్ అని ఉంటుంది. తర్వాత సెట్టింగ్స్‌లో వేలిముద్రలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, లాక్ చెప్పి ఇచ్చినోళ్ళు ఇది తప్పకుండా చూడాలి, ఎందుకంటే పిన్ తెలిసినోడు తన వేలు కూడా ఎక్కించుకోవచ్చు, అప్పుడు మనం పిన్ మార్చినా వాడికి తెరుచుకుంటుంది. యాక్సెసిబిలిటీలోనూ డివైస్ అడ్మిన్ యాప్స్‌లోనూ తెలియని పేరుంటే ఆఫ్ చేసి ఆ యాప్ పీకేయండి, ప్లేస్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ స్కాన్ ఒకటి కొట్టండి. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ కింద యువర్ డివైసెస్ చూడండి. ఇవన్నీ అయ్యాక లాక్ మార్చండి, సిమ్ వేయండి.

ఏదైనా తేడా కొడితే

డబ్బు పోయుంటే బ్యాంకుకి చెప్పి వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు చేతులు మారకముందే ఆపే వీలు అంత ఎక్కువ. ఫోటోలు పెట్టుకుని ఎవరైనా బెదిరిస్తుంటే ఆ మెసేజ్‌లు భయపడి డిలీట్ చేయొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లైంట్ పెట్టండి, ఆడపిల్లల విషయాలకి అక్కడ పేరు చెప్పకుండా పెట్టే దారి కూడా ఉంది. బయటపడకూడని ప్రైవేటు ఫోటోల విషయంలో 18 ఏళ్ళు దాటినోళ్ళకి స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైట్ ఉంది, ఫోటో అప్‌లోడ్ చేసే పని లేదు, మన ఫోన్లోనే దానికొక కోడ్ తయారై అది మాత్రమే పోతుంది, ఆ సైట్‌తో కలిసి పనిచేసే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల ఆ ఫోటో ఎక్కకుండా ఆపడానికి అది పనికొస్తుంది. కంప్లైంట్‌లో షాపు రసీదు, ఫోన్ ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, ఐఎంఈఐ, మనం అడగకుండా వచ్చిన ఓటీపీల టైములు రాయండి.