పెద్ద ఇంజన్ కొనేముందు అట్టపెట్టెతో చూడండి

పాత కారుకి పెద్ద ఇంజన్ తెచ్చాక బానెట్ మూతపడకపోతే ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు. కావలిలో మా అంబాసిడర్‌కి 1489 సీసీ తీసి 1817 సీసీ ఇసుజు ఇంజన్ వేద్దామనుకున్నప్పుడు ఈ అట్టపెట్టె పద్ధతి పనికొచ్చింది.

అమ్మేవాళ్ల దగ్గరే టేపుతో ఇంజన్ పొడవు, వెడల్పు, సంప్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) అడుగు నుంచి ఎయిర్ క్లీనర్ పైదాకా ఎత్తు కొలుచుకోండి. ఫ్యాను, ఆల్టర్నేటర్ బయటికి పొడుచుకొచ్చేది కూడా కలపాలి. ఫ్రిజ్ అట్టపెట్టె కోసి అదే సైజులో డమ్మీ చేయండి. పాత ఇంజన్ దించాక, ఈ డమ్మీని మౌంటింగ్ (ఇంజన్ బిగించే చోటు) ఎత్తులో కట్టెల మీద నిలబెట్టండి. క్రాస్ మెంబర్‌కి (ఇంజన్ కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం), స్టీరింగ్ రాడ్లకి ఎక్కడ తగులుతుందో అప్పుడే కనబడుతుంది. డమ్మీ పైన గట్టిగా కలిపిన పూరీ పిండి ముద్దలు నాలుగు పెట్టి, బానెట్ మెల్లగా మూసి తెరవండి. నలిగిన ముద్దని బ్లేడుతో కోసి మందం చూడండి. అంగుళం కంటే తక్కువుంటే వద్దు, ఇంజన్ ఊగుతుంది కదా. రేడియేటర్‌కి, ఫ్యానుకి మధ్య కూడా అంతే ఉంచండి. మన నెల్లూరు ఎండలకి చిన్న రేడియేటర్ సరిపోదు, పెద్దది పెట్టే చోటు ఇప్పుడే చూసుకోండి.

ఒక్క జాగ్రత్త: అట్టకి బరువుండదు. ఇంజన్ బరువెక్కువైతే ముందు చక్రాల సస్పెన్షన్ కుంగి ఈ కొలతలు తప్పుతాయి, బ్రేకులూ చాలవు. ఆర్సీలో ఇంజన్ నంబరు, సీసీ ఉంటాయి కాబట్టి, అడ్వాన్సు ఇచ్చేముందే ఆర్టీఓ ఆఫీసులో అనుమతి సంగతి తేల్చుకోండి.