పాత కజక్ తివాచీ: కనిపించే లోపం, దాని కారణం, చేయదగిన మరమ్మతు

నేటి ఆర్మేనియా, అజర్‌బైజాన్, జార్జియా కలిసే కొండ ప్రాంతాల్లో 19వ శతాబ్దంలో నేసిన కజక్ తివాచీలలో పడుగు, పేక, పైన కనిపించే కుచ్చు మూడూ సాధారణంగా ఉన్నితోనే ఉంటాయి. కుచ్చు ఎత్తుగా ఉంటుంది, నమూనాలు పెద్దవిగా, కోణాలు తేలి ఉంటాయి, ముడుల వరుసల మధ్య తరచుగా ఎర్ర పేక పోగులు కనిపిస్తాయి. కొన్నవారు లోపాలని భయపడే వాటిలో కొన్ని నేతలోనే పుట్టినవి కాబట్టి, సూది పట్టుకునే ముందు తివాచీని తిరగేసి వెనకవైపు చూడాలి, ఆ తర్వాత కుచ్చును విడదీసి మొదళ్లు చూడాలి.

ఒకే రంగులో ముదురు, లేత చారలు

చార పేక వెంట అడ్డంగా సాగుతూ, వెనకవైపు కూడా అలాగే కనిపిస్తే, అది అద్దకంలో వచ్చిన తేడా. చేతితో వడికిన ఉన్ని అంతటా ఒకేలా రంగు పీల్చదు, పైగా కొద్దికొద్దిగా అద్దుకున్న ఉన్ని అయిపోయాక మరో విడత వాడతారు. దీనికి మరమ్మతు అక్కరలేదు. నా దృష్టిలో అది అందమే. పేకతో సంబంధం లేకుండా మచ్చలా వ్యాపించి, కుచ్చు మొదలు ముదురుగా, కొస మాత్రమే వెలిసి ఉంటే, అది ఎండ వల్ల కలిగిన నష్టం. పోయిన రంగు తిరిగి రాదు కనుక, కిటికీ ఎదుట నుంచి తివాచీని తీసివేయడం ఒక్కటే మిగిలిన పని.

నలుపు, ముదురు గోధుమ గీతలు పల్లంగా దిగిపోవడం

చుట్టూ ఉన్న ఎరుపు, నీలం నిండుగా ఉండి, నల్లని గీతలు మాత్రమే అరిగి ఉంటే, కారణం కాళ్ల తొక్కిడి కాదు. ఇనుప లవణాలతో అద్దిన నల్లరంగు కాలక్రమేణా ఉన్నిని పెళుసుగా చేస్తుంది. ఇనుప ముక్కలను బెల్లంతో ఊరబెట్టి, కరక్కాయ పెట్టిన గుడ్డపై నలుపు తెచ్చే శ్రీకాళహస్తి కలంకారీ సంగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. పాత అద్దకపు గుడ్డలలో నల్ల గీతలున్న చోటే ముందు చివకడం అందుకే. పడుగు బయటపడనంత వరకు దీనిని ముట్టుకోకూడదు. ఖాళీలపై కొందరు అమ్మకందారులు సిరా పూస్తారు. తడి తెల్లగుడ్డతో మెల్లగా అద్దితే ఆ పూత తరచుగా గుడ్డకు అంటుకుని బయటపడుతుంది. అన్ని రంగులూ సమానంగా అరిగితే మాత్రం అది నడక వల్లనే.

ఊదా రంగు కుచ్చు కొసల్లో బూడిదలా, మొదళ్లలో మెరుస్తూ ఉండడం

ఇది తొలితరం కృత్రిమ రంగుల గుర్తు. మొదటి కృత్రిమ ఊదా రంగును ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ 1856లో తయారుచేశాడు. అటువంటి రంగులు కాకసస్ పల్లెలకు, అంటే ఈ తివాచీలు నేసిన కొండ ప్రాంతానికి, చేరింది ఆ శతాబ్దపు చివరి దశాబ్దాలలో. దీనికి చికిత్స లేదు, కానీ 1850కి ముందుదని చెప్పి అమ్మజూపిన తివాచీలో ఈ రంగు కనిపిస్తే ఆ మాట నిలవదు.

నేసిన సంవత్సరం నమ్మశక్యంగా లేకపోవడం

కొన్ని తివాచీల మైదానంలో, అంటే అంచుపట్టీల లోపలి భాగంలో, హిజ్రీ (ఇస్లామిక్ కాలమానపు) సంవత్సరం నేసి ఉంటుంది. దానిలో నూటికి మూడు వంతులు తీసివేసి 622 కలిపితే క్రీస్తుశకం సుమారుగా వస్తుంది. ఉదాహరణకు 1310 అంటే 1892-93. అయితే అరబ్బీ లిపి అంకెలలో 3కూ 2కూ తేడా ఒక చిన్న గీత మాత్రమే కాబట్టి, ఆ గీత ముడులను లాగేసి వేరే రంగు ముడులు వేస్తే 1310 కాస్తా 1210 అవుతుంది, అంటే 1795-96; తివాచీ ఒక్క పూటలో దాదాపు శతాబ్దం ముసలిదైపోతుంది. వెనకవైపు ఆ అంకె దగ్గర ముడుల బిగువు, ఉన్ని రంగు పక్కవాటితో పోల్చి చూడాలి. నేసినవారికి చదువు రాకపోతే అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడడమూ ఉంది, అది మోసం కాదు.

ఎరుపు తెలుపులోకి పారడం

నీటికి నిలవని రంగు ఉన్న తివాచీని తడిపితే ఇలా అవుతుంది. ఉతికించే ముందు ప్రతి రంగుపైనా తడి తెల్లగుడ్డను కొంతసేపు అదిమి పరీక్షించాలి. పారి ఆరిపోయిన మరకను ఇంట్లో బ్లీచింగ్‌తో వదిలించబోతే ఉన్ని పాడవుతుంది, వస్త్ర సంరక్షణ నిపుణుడికి అప్పగించాలి.

వెనకవైపు బోడిగా, ముందువైపు కుచ్చు రాలడం

ఇది ఉన్నిపురుగు పని. రెక్కలొచ్చిన పురుగు ఏమీ తినదు, నష్టమంతా దాని లార్వాలదే. నూలు పడుగు గల తివాచీలో అవి ముడులు తిన్నా పునాది నిలుస్తుంది. కజక్‌లో పడుగు కూడా ఉన్ని కావడంతో బొక్క పడుతుంది. రెండు వైపులా వాక్యూమ్ చేసి, పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక, సంచి పూర్తిగా గది ఉష్ణోగ్రతకు వచ్చేవరకు విప్పకూడదు, లేకపోతే తేమ ఉన్నిపై చేరుతుంది.

ఒక చివర అంచుపట్టీ లేకపోవడం

నాలుగు వైపులా పట్టీల వెడల్పు కొలవాలి. మైదానంలోని పతకం (నడిమి పెద్ద నమూనా) మధ్యలో లేకుండా, పట్టీ హఠాత్తుగా ఆగి, వెనక అతుకు కనిపిస్తే తివాచీని కుదించారని అర్థం. చివర మాత్రమే చిరిగి పేక జారుతుంటే, మిగిలిన చివరి వరుసను పడుగుతో కలిపి ఉన్ని దారంతో చుట్టుకుట్టు వేయించాలి. పోయిన పట్టీని కొత్తగా నేయించడం కంటే ఇదే మేలు, ఖర్చూ తక్కువ. కొత్త ఉన్ని పాతదానిలో కలవకుండా తరచుగా వేరుగా కనిపిస్తుంది.