కార్తీక సోమవారం ఉపవాసంలో తలనొప్పి ఎలా తగ్గిందంటే (నా అనుభవం)

కార్తీక సోమవారాలంటే నాకు ప్రాణం. కానీ రెండేళ్లుగా సాయంత్రం దీపం పెట్టే వేళకి తల పగిలిపోయేది, చేతులు వణికేవి. అగ్గిపుల్లని వత్తికి ఆనించలేకపోయిన రోజు కూడా ఉంది.

ఆలోచిస్తే, పగలంతా నేను తినేది తీపే. బెల్లం వేసిన సగ్గుబియ్యం పాయసం, అరటిపళ్లు, మూడుసార్లు టీ. బెల్లం మంచిదే కదా అనుకున్నాను గానీ అందులోనూ ఎక్కువ భాగం చక్కెరే. సగ్గుబియ్యమేమో కర్రపెండలం పిండి. 100 గ్రాముల్లో ఒక గ్రాము ప్రొటీన్ కూడా ఉండదు. అదే పల్లీల్లో 25 గ్రాముల దాకా ఉంటుంది.

ముందు టీలో చక్కెర మానేసి స్వీటెనర్ బిళ్లలు వేశాను. తీపి వచ్చింది, నీరసం పోలేదు. బరువు తగ్గడానికి వీటిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో చెప్పింది. ఆపేశాను.

"పల్లీలు, పెరుగు మనింట్లో ఉపవాసానికి పనికొస్తాయమ్మా" అన్నారు అత్తయ్య. రాత్రి నానబెట్టిన పల్లీలు పొద్దున్నే ఉడకబెట్టి, నిమ్మరసం పిండి గుప్పెడు తిన్నాను. మధ్యాహ్నం గిన్నెడు గడ్డపెరుగు, ఒక జామకాయ. మధ్యమధ్యలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ. అంతకుముందు మంచినీళ్లు కూడా సరిగ్గా తాగేదాన్ని కాదు, అదే పెద్ద పొరపాటు. చుక్కలు చూశాక ముద్దపప్పు, నెయ్యి, అన్నం.

మూడో సోమవారం చెయ్యి వణక్కుండా వత్తులన్నీ వెలిగించాను. షుగర్‌కి మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం ఉండొద్దు. మా అమ్మని నేను ఉండనివ్వడం లేదు.