సునాముఖి, అతిమధురం వాడేటప్పుడు పేగు బ్యాక్టీరియాను లెక్కలోకి తీసుకోవడం ఎలా?

మలబద్ధకానికి సునాముఖి ఆకు చూర్ణం వాడేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది: ఆ ఆకులోని సెనోసైడ్లు అనే విరేచనకారి పదార్థాలు మనం మింగిన రూపంలో దాదాపు ఏ పనీ చేయవు. వాటికి చక్కెర అణువులు అంటిపెట్టుకొని ఉండటం వల్ల చిన్నపేగు వాటిని చాలావరకు పీల్చుకోలేదు. అవి పెద్దపేగుకు చేరిన తరువాత అక్కడి బ్యాక్టీరియా తమ ఎంజైములతో ఆ చక్కెరను విడదీసి, మిగిలిన భాగాన్ని రెయిన్ ఆంత్రోన్‌గా మారుస్తాయి. పేగు కదలికను పెంచేదీ, మలంలో నీటిని నిలిపేదీ ఈ పదార్థమే.

ఇదంతా జరగడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది కనుక సునాముఖిని రాత్రి పడుకునే ముందు తీసుకోవాలి. రెండు గంటల్లో ఫలితం కనిపించలేదని మరో చెంచా వేసుకోవడమే చాలామంది కడుపునొప్పికి మూలం. ఆకును బట్టి సెనోసైడ్ల మోతాదు మారుతుంది. అందుచేత విడి పొడి కన్నా మిల్లీగ్రాములు ముద్రించిన మాత్రే నయం. మూత్రం ఎరుపు కలిసిన గోధుమరంగులోకి మారవచ్చు, అది మామూలే. మందు మానేశాక కూడా ఆ రంగు పోకపోతే పరీక్ష చేయించుకోవాలి.

యాంటీబయాటిక్ వాడుతున్న రోజుల్లోనూ, ఆ తరువాత కొన్ని వారాల పాటూ పేగుల్లో బ్యాక్టీరియా తగ్గి ఉండవచ్చు కాబట్టి, అలవాటైన మోతాదు సరిగా పనిచేయకపోవచ్చు. అలాగని మోతాదు పెంచకూడదు. వైద్యుడిని అడిగి వేరే మందుకు మారడం మేలు. కారణం తెలియని కడుపునొప్పి ఉన్నప్పుడు సునాముఖిని అసలు ముట్టుకోకూడదు. వైద్య సలహా లేకుండా వారానికి మించి వాడటమూ తగదు.

అతిమధురం విషయంలో బ్యాక్టీరియా చేసే మార్పు చిక్కులు తెస్తుంది. వేరులోని గ్లైసిరైజిన్ అనే తీపి పదార్థాన్ని అవి గ్లైసిరెటినిక్ ఆమ్లంగా మారుస్తాయి; అది రక్తంలో కలిసి, మూత్రపిండాలలో కార్టిసాల్ అనే హార్మోనును నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. దానితో శరీరంలో ఉప్పు నిలిచి, పొటాషియం తగ్గి, రక్తపోటు పెరుగుతుంది. ఐరోపా సంఘానికి చెందిన శాస్త్రీయ కమిటీ 2003లో గ్లైసిరైజిన్‌కు రోజుకు 100 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితిని సూచించింది. దగ్గు కోసం ఒకటి రెండు రోజులు చిన్న ముక్క చప్పరించడం వేరు, నెలల తరబడి రోజూ కషాయం తాగడం వేరు. రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ, గర్భిణులూ దానికి దూరంగా ఉండాలి.

కొన్ని విరేచన చూర్ణాలలో సునాముఖి, అతిమధురం కలిసే ఉంటాయి. ఎక్కువకాలం వాడితే రెండూ పొటాషియాన్ని తగ్గించేవే కనుక, కొనేముందు డబ్బా మీద పదార్థాల పట్టిక చదవాలి. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు గానీ, గుండెజబ్బుకు డిగాక్సిన్ గానీ వాడుతున్నవారు ఆ డబ్బాను వైద్యుడికి చూపించిన తరువాతే మూత తీయాలి.