ఇన్‌ఛార్జి సిస్టర్ పాఠాలు – 4: అలారం మోగినప్పుడు చేతులు చూడండి

పోయిన పాఠంలో మీ యూనిట్‌లో సబ్బు, కుళాయి, హ్యాండ్‌రబ్ (చేతులకి రుద్దుకునే ఆల్కహాల్ ద్రవం) సీసాలు ఎక్కడున్నాయో బొమ్మ గీయమన్నాను. ఆ కాగితం తీయండి, ఇవాళ దానితో పనుంది.

శ్రీకాకుళం జిల్లాలో పనిచేసే మనకి డయాలసిస్ కొత్త కాదు. కవిటి, సోంపేట, పలాస వైపు, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చే పేషెంట్లు మనకి పేరుపేరునా తెలుసు. ఉదాహరణ అక్కడే తీసుకుందాం.

ఒక మంచం దగ్గర సిస్టర్ ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళం) సూది తీసింది. అంతలో పక్క మెషిన్ అలారం. అవే గ్లవ్స్‌తో వెళ్లి బటన్ నొక్కేసింది. గ్లవ్స్ ఆవిడ చేతుల్ని కాపాడాయి, పక్క పేషెంటుని కాదు. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతుకుతుంది, మరక కంటికి కనబడాలని కూడా లేదు.

ఇప్పుడు లెక్క. ఓ మూల 20 నిమిషాలు నిలబడండి. చేతులు ఎప్పుడు శుభ్రం చేసుకోవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అయిదు సందర్భాలు మీకు తెలిసినవే: పేషెంటుని ముట్టుకునే ముందు, సూది, కాథెటర్ లాంటి శుభ్రమైన పనికి ముందు, రక్తమో స్రావాలో తగిలే పని చేశాక, పేషెంటుని ముట్టుకున్నాక, మంచం, మెషిన్ ముట్టుకున్నాక. సందర్భం వచ్చినప్పుడల్లా ఒక గీత, చేతులు శుభ్రం చేసుకుంటే దాని పక్కన టిక్కు. 20 గీతలకి 12 టిక్కులుంటే 60 శాతం. హ్యాండ్‌రబ్ అయితే 20–30 సెకన్లు రుద్దాలి. చేతికి రక్తం కనబడితే సబ్బూ నీళ్లే, 40–60 సెకన్లు.

పేర్లు మాత్రం రాయకండి. రాశారని తెలిసిందా, రేపట్నించి అందరూ మీ ఎదుటే కడుగుతారు. (మీరు నిలబడ్డారంటేనే ఎంతో కొంత ఎక్కువ కడుగుతారనుకోండి. అందుకే వచ్చిన శాతాన్ని చూసి మురిసిపోవద్దు.)

టిక్కు పడని గీతలు ఎక్కడున్నాయో మీ బొమ్మతో పోల్చండి. అలారం దగ్గర తప్పుతున్నారు, సీసా చూస్తే గుమ్మం దగ్గరుంది. అలాంటప్పుడు ఎవర్ని కేకలేస్తే ఏం లాభం? ప్రతి మెషిన్‌కీ ఒక సీసా, ఒక గ్లవ్స్ పెట్టె చేర్చండి. ఇండెంట్ (స్టోరుకి పంపే సామాన్ల చీటీ) రాసేది మీరే కదా. అప్పటికీ మారని సిస్టర్ ఉంటే విడిగా పిలిచి మాట్లాడండి, పేషెంట్ల ముందు కాదు. రౌండ్స్‌కొచ్చిన డాక్టర్‌గారికైతే ఉపన్యాసం దేనికి, "సార్, హ్యాండ్‌రబ్" అని సీసా చాపితే సరిపోతుంది.

అభ్యాసం: ఈ వారం రెండుసార్లు లెక్క చూడండి. ఒకటి డయాలసిస్ నడుస్తున్నప్పుడు, రెండోది ఒక పేషెంటు దిగి ఇంకొకరు ఎక్కే హడావుడిలో. రెండు కాగితాలూ 5వ పాఠానికి కావాలి, మెషిన్ తుడిచే వరస అక్కడ మొదలుపెడదాం.