ఫైలు పేరులో ‘ఫైనల్’ రాయకండి

ఆఫీసులో సర్క్యులరో, బ్రోచరో తయారవుతుంటే ఫైలు పేరులో ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అని రాయకండి. చిత్తుప్రతికి 0.1, 0.2 అని నంబరివ్వండి, మేనేజరు ఒప్పుకున్నదే 1.0. తేదీ పెడితే 2025-03-07 లాగా సంవత్సరం ముందు రాయండి, ఫైళ్లు వాటంతటవే వరుసలో ఉంటాయి.

ఆమోదానికి పీడీఎఫే పంపండి. వర్డ్ ఫైలు పంపితే ఒప్పుకున్నాక కూడా ఎవరో ఒకరు మాట మార్చేస్తారు. పీడీఎఫ్ చేసేముందు వర్డ్‌లో ట్రాక్ చేంజెస్ (ఎవరేం మార్చారో చూపే గుర్తులు) అన్నీ యాక్సెప్ట్ చేసి, కామెంట్లు తీసేయండి. వాటిని దాచే ‘నో మార్కప్’ పెడితే మార్పులు కనబడవంతే, ఫైల్లోనే ఉంటాయి. వర్డ్‌లోనే ఉన్న ‘ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్’ ఒకసారి నడిపితే మిగిలినవి బయటపడతాయి.

తెలుగు మ్యాటరైతే అసలు ప్రమాదం ఆమోదం తర్వాతే. హైదరాబాద్ చిక్కడపల్లిలో ప్రెస్సుకిస్తే, డీటీపీ వాళ్లు యూనికోడ్‌ను (కంప్యూటర్లలో, ఫోన్లలో మామూలుగా వాడే తెలుగు) ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలోకి మార్చే అవకాశం ఎక్కువ. అక్కడ ఒత్తులు, క్రావడులు, అంకెలు చెదురుతాయి. కాబట్టి మార్చాక వచ్చిన ప్రూఫును 1.0 పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదవాలి. ఫోన్ నంబర్లు, ధరలు మాత్రం ఇంకొకరితో పైకి చదివించండి. ఆ ప్రూఫు మీదే సంతకం, తేదీ వేసి ప్రింటుకివ్వండి.