గేమ్ కొనే ముందు మీ రూపాయి ఎవరికి చేరుతుందో చూడండి

పగలంతా విశాఖ ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ దగ్గర ఓచర్లు సరిచూస్తాను. రాత్రయితే గేమ్స్. అందుకేనేమో, "ఆ గేమ్ చేసినవాడు మంచోడు కాదట, కొనొచ్చా అక్కా?" అని మా తమ్ముడు అడిగితే నాకు ముందు లెడ్జరే గుర్తొస్తుంది. కళ వేరా, కళాకారుడు వేరా అని వాదించుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్నది మాత్రం కాసేపట్లో తేలిపోతుంది.

ముందు ఆ మనిషి ఎవరు, గేమ్‌లో అతని పనేమిటి, చేసిన తప్పేమిటి అన్నది ఒక్క వాక్యంలో రాసుకోండి. రాయలేకపోయారా, మీ దగ్గరున్నది పుకారు. అక్కడే ఆపేయండి.

రాయగలిగితే స్టీమ్‌లో, అంటే కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ దుకాణంలో, ఆ గేమ్ పేజీ తెరవండి. డెవలపర్ (తయారుచేసినవాళ్ళు), పబ్లిషర్ (విడుదల చేసి అమ్మేవాళ్ళు) అని రెండు వరుసలుంటాయి. 2023లో వచ్చిన హ్యారీ పాటర్ గేమ్ హాగ్వార్ట్స్ లెగసీనే చూడండి. ట్రాన్స్ వ్యక్తుల గురించి హ్యారీ పాటర్ రచయిత్రి రౌలింగ్ అనే మాటలు నచ్చక చాలామంది దాన్ని కొనేది లేదన్నారు. డెవలపర్ దగ్గర అవలాంచ్ సాఫ్ట్‌వేర్ అని, పబ్లిషర్ దగ్గర వార్నర్ బ్రదర్స్ అని ఉంటుంది. తయారీలో ఆవిడ నేరుగా పాలుపంచుకోలేదని కంపెనీ కూడా చెప్పింది. "ఇంకేటి, కొనేద్దాం" అన్నాడు తమ్ముడు. ఆగరా నాయనా, పేజీ కిందిదాకా దిగు అన్నాను. అక్కడ సన్న అక్షరాల్లో హక్కుల వివరాలుంటాయి, అందులో ఆవిడ పేరుంది. గేమ్ రాసింది వేరేవాళ్ళే అయినా ఆ లోకం ఆవిడది, రాయల్టీ అటు వెళుతుందనే అనుకోవాలి. కొనాలో వద్దో మీ ఇష్టం. "ఆవిడకేం సంబంధం లేదు" అని మాత్రం మిమ్మల్ని మీరు నమ్మించుకోకండి.

మైన్‌క్రాఫ్ట్ లెక్క తలకిందులు. దాన్ని పుట్టించిన మార్కస్ పెర్సన్ ట్విట్టర్ రాతలు చాలామందికి రుచించలేదు. కానీ 2014లోనే కంపెనీని మైక్రోసాఫ్ట్‌కి 250 కోట్ల డాలర్లకు అమ్మేసి బయటికొచ్చేశాడు. మేనకోడలికి ఈరోజు ఆ గేమ్ కొనిస్తే డబ్బు మైక్రోసాఫ్ట్‌కి వెళుతుంది. ఆయన మీద కోపంతో ఇప్పుడు మానేసినా ఆయనకి తగిలేదేమీ లేదు.

చిక్కంతా పెద్ద కంపెనీలతోనే. 2021 జులైలో యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే గేమ్స్ కంపెనీ మీద ఆడవాళ్ళ పట్ల వివక్ష, వేధింపుల ఆరోపణలతో కాలిఫోర్నియా ప్రభుత్వం కేసు వేసింది. ఉద్యోగులు పని ఆపి బయటికొచ్చారు. ఇలాంటప్పుడు నేను చూసేది ఒకటే: బాధపడ్డవాళ్ళు కొనుగోలుదార్ల నుంచి ఏం అడుగుతున్నారు? కొనొద్దు అంటే కొనను. అననప్పుడు వాళ్ళ తరఫున నేనే బహిష్కరణ ప్రకటించడం నాకు అతిగా అనిపిస్తుంది, ఎందుకంటే అమ్మకాలు పడితే ముందు ఊడేది సాధారణంగా కింది ఉద్యోగాలే.

గేమ్ కావాలి, డబ్బు మాత్రం అటు వెళ్ళకూడదు అనుకునేవాళ్ళకి సెకండ్‌హ్యాండ్ డిస్క్ ఉంది. గాజువాక కుర్రాడెవరో పీఎస్ 4 (ప్లేస్టేషన్ 4) డిస్క్ అమ్ముతానంటే ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర కలుసుకోండి. డిస్క్ వెనక్కి తిప్పి, వెలుగులో ఏటవాలుగా పెట్టి గీతలు చూడండి. పెట్టెలో అదనపు సరుకు తెరిచే కోడ్ కాగితం ఉంటే అది వాడేసిందే అనుకుని బేరమాడండి. ఈ డబ్బులో కంపెనీకి పైసా వెళ్ళదు. ఆ కుర్రాడు అదే డబ్బుతో అదే కంపెనీ కొత్త గేమ్ కొనుక్కుంటే మనం చేసేదేమీ లేదు. తర్వాత మీరు దానికి డీఎల్‌సీ, అంటే డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకునే అదనపు భాగం, కొన్నారంటే మాత్రం కథ మళ్ళీ మొదటికొస్తుంది. డిస్క్ డ్రైవ్ లేని పీఎస్ 5 డిజిటల్ ఎడిషన్ కొనుక్కున్నవాళ్ళకి, దానికి విడిగా డ్రైవ్ తగిలించే వీలు లేకపోతే, ఈ దారి లేనట్టే.

క్రాక్ (డబ్బు కట్టకుండా ఆడే దొంగ కాపీ) వేసుకుంటానని కొందరంటారు. సిద్ధాంతం పేరు చెప్పి ఫ్రీగా ఆడుకోవడమే అది. ఆ గేమ్ కోసం రాత్రుళ్ళు పనిచేసిన వందలమందికి కూడా అందులో ఎగ్గొట్టినట్టే కదా.

కొన్నాక విషయం తెలిస్తే? స్టీమ్‌లో కొని 14 రోజులు దాటకుండా, ఆడింది 2 గంటల లోపే ఉంటే రిఫండ్ అడగొచ్చు, కారణంతో పనిలేదు. అందుకే అనుమానమున్న గేమ్‌ని కొన్న రోజే రాత్రంతా ఆడేయకండి.

గడువు దాటిపోతే శుభ్రంగా ఆడుకోండి. డబ్బు ఎప్పుడో వెళ్ళిపోయింది, అన్‌ఇన్‌స్టాల్ చేస్తే తిరిగి రాదు. దాన్ని స్ట్రీమ్ చేసి, బాగుందని పదిమందికి చెప్పాలనిపిస్తే మాత్రం ముందు రాసుకున్న ఆ వాక్యం ఇంకోసారి చదువుకోండి. అక్కడి నుంచి మీరు ఆ గేమ్‌కి ఉచితంగా ప్రచారం చేసిపెడుతున్నట్టు.